కంప్యూటర్ స్టార్ట్ కావడం లేదా? ‘మదర్‌బోర్డు పోయింది’ అనగానే డబ్బు కట్టకండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు వాడుతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లని తెర మీద ‘బూట్ డివైస్ నాట్ ఫౌండ్’ అని తెల్లని అక్షరాలు వచ్చి ఆగిపోయిందనుకోండి. దాన్ని చూసి దుకాణంవారు ‘మదర్‌బోర్డు పోయింది’ అంటే ఒప్పుకోవద్దు. మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ అమర్చి ఉండే పెద్ద బోర్డు, నిజంగా చచ్చిపోయి ఉంటే ఆ అక్షరాలు తెర మీదికి వచ్చేవే కావు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ (మెమరీ ముక్క) తమ వంతు పరీక్ష ముగించుకున్నాకే కంప్యూటర్ విండోస్ ఉండే డిస్క్ కోసం వెతుకుతుంది. అది దొరకలేదనే ఆ వాక్యానికి అర్థం. ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం వల్లే మాకు వేల రూపాయలు మిగిలాయి, ఇంట్లోవాళ్ల ఫొటోలు దక్కాయి. అయినా కొంత నష్టం జరిగింది. అందుకే రాస్తున్నాను.

మేడారం జాతరకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో ములుగులో మా అక్కవాళ్లింట్లో కొన్నాళ్లు ఉన్నాం. ఊరికి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయడం మా ఇంట్లో అలవాటు. తిరిగి వచ్చి కంప్యూటర్ పెడితే ఫ్యాన్లు తిరిగాయి, కంపెనీ బొమ్మ వచ్చింది, ఆ తరువాత పైన చెప్పిన వాక్యం దగ్గర ఆగిపోయింది. మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు రాసుకున్న నోట్సు, ఇంటి కాగితాల స్కాన్ కాపీలు, మా నాన్నగారి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. బోర్డు బాగా పెద్దగా పెట్టుకున్న ఒక దుకాణానికి తీసుకెళ్లి ఇచ్చాం.

సాయంత్రానికే ఫోను వచ్చింది. మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ రెండూ పోయాయట. తొమ్మిదిన్నర వేలు అవుతుందట. లోపలి డేటా రాదట. పాత బోర్డు, పాత డిస్క్ మాత్రం వాళ్లకే వదిలేయాలట. ఏ పరీక్ష చేసి తేల్చారని అడిగితే ‘మాకు తెలుసు సార్’ అన్నారు. అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమంటే కుదరదన్నారు. పైగా ‘విండోస్ 10 ఆగిపోయింది కదా, అందుకే పాత సిస్టంలన్నీ ఇలా పడిపోతున్నాయి’ అని ఒక కారణం కల్పించారు. దీన్ని నమ్మేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజం. అంటే భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. అంతే తప్ప, ఆ తేదీ వల్ల కంప్యూటర్ స్టార్ట్ కాకుండా పోదు, బోర్డు కాలిపోదు.

రిపేరు వద్దని చెప్పి, చెకింగ్ ఛార్జీ కట్టి, కంప్యూటర్ ఇంటికి తెచ్చుకున్నాం. ఆ డబ్బుకు బిల్లు అడిగితే ఇవ్వలేదు.

కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ పని చేసే మా చిన్నాన్న కొడుకు ఆ ఆదివారం వచ్చి చూశాడు. ముందు బయాస్ తెర, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర, తెరిచాడు. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. అదే తెర మీద మా హార్డ్ డిస్క్ పేరు, దాని సైజు కనిపిస్తున్నాయి. ‘పోయిందన్న డిస్క్ తన పేరు తాను ఎలా చెబుతుంది అన్నా?’ అన్నాడు. తరువాత డబ్బా మూత తీసి, బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సెల్లు తీసి మీటరు పెట్టాడు. మూడు వోల్టులు ఉండాల్సిన చోట రెండు కూడా లేవు.

ఆ సెల్లు పేరు సీఆర్2032. చేతి గడియారాలు బాగుచేసే దుకాణాల్లో కూడా కొన్ని పదుల రూపాయలకు దొరుకుతుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించడం, బయాస్ సెట్టింగులు చెరిగిపోకుండా చూడటం దాని పని. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం, కంప్యూటర్ ఆపి ఉన్నా, ఆ పనిని ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) చూసుకుంటుంది. అందువల్ల సెల్లు అయిపోయిన సంగతి నెలల తరబడి బయటపడదు. మెయిన్ స్విచ్ ఆపి ఊరికి వెళ్లినప్పుడో, వేసవి గాలివానకు గంటల తరబడి కరెంటు పోయినప్పుడో ఒక్కసారిగా బయటపడుతుంది. సెట్టింగులు చెరిగిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన స్థితికి వెళ్లిపోతాయి. మా దాంట్లో విండోస్ యూఈఎఫ్ఐ అనే కొత్త స్టార్టింగ్ పద్ధతిలో వేసి ఉంది, సెట్టింగు లెగసీ అనే పాత పద్ధతికి మారిపోయింది. డిస్క్ ఉంది, అందులో విండోస్ ఉంది, కానీ కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేకపోయింది. కొన్ని కంప్యూటర్లలో సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) మారిపోయి, విండోస్ సగం వరకు వచ్చి నీలిరంగు తెరతో పడిపోతుంది. అదీ ఈ కోవలోదే. మావాడు కొత్త సెల్లు వేసి, తేదీ సరిచేసి, ఆ ఒక్క సెట్టింగు మార్చగానే విండోస్ వచ్చేసింది. ఫొటోలు, నోట్సు ఏవీ చెక్కుచెదరలేదు. మేము ఒప్పుకొని ఉంటే ఆ డిస్క్ వాళ్ల చేతుల్లో ఉండేది. మా నాన్నగారి ఫొటోలతో పాటు మా ఇంటి కాగితాలు కూడా. నాకు కోపం తెప్పించింది డబ్బు కన్నా ఇదే.

లాప్‌టాప్ వాడేవారికి ఒక మాట. బయాస్ మార్పుల తరువాత నీలిరంగు తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే భయపడి ఫార్మాట్ చేయించకండి. ఆ 48 అంకెల కీ చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఫోనులోనుంచే ఖాతా తెరిచి చూసుకోవచ్చు.

అక్షరాలు అసలు రాకుండా ఫ్యాన్లు మాత్రమే తిరుగుతుంటే చాలాసార్లు ర్యామ్ దగ్గర తేడా ఉంటుంది. ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ర్యామ్ ముక్కను బయటికి తీసి, దాని బంగారురంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండు వైపులా టక్కుమనే వరకు తిరిగి నొక్కండి. ఫ్యాన్ కూడా కదలకపోతే గోడ ప్లగ్గు, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్ ముందుగా చూడండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా దానిలోని కెపాసిటర్లలో కొంతసేపు ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డులు నిజంగానే పోయే సందర్భాలూ ఉన్నాయి. పిడుగు పడ్డప్పుడు, వోల్టేజీ ఎగిరినప్పుడు పోతాయి. అప్పుడు నిజాయితీ గల మెకానిక్ మీ కళ్లముందే వేరే ఎస్ఎంపీఎస్, వేరే ర్యామ్ పెట్టి చూపిస్తాడు. అలాంటివారు మన ఊళ్లో ఉన్నారు. వారికి ఇవ్వాల్సిన కూలి సంతోషంగా ఇవ్వండి.

ఇక జరిగిన నష్టం. విండోస్ వచ్చాక మావాడే గమనించాడు, మెమరీ 4 జీబీ అని చూపిస్తోంది. కొన్న నాటి బిల్లులో నాలుగు జీబీల ర్యామ్‌లు రెండు అని స్పష్టంగా ఉంది. లోపల ఒకటే మిగిలింది. బిల్లు పట్టుకుని వెళ్లి అడిగితే ‘మీరు ఇచ్చినప్పుడే ఒకటి ఉంది’ అన్నారు. జాతరకు వెళ్లే ముందు వరకు 8 జీబీతో నడిచిన కంప్యూటర్ అది. మావాడి కన్నా ముందు మూత తీసింది ఆ దుకాణంలోనే.

1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. విషయం ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. సేవకు డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు, కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది. కాబట్టి ‘ఇంత చిన్న మొత్తానికి ఎవరు తిరుగుతారులే’ అని వదిలేయకండి. వాళ్ల ధైర్యమంతా అదే.

కంప్యూటర్ ఇచ్చే ముందు మూత తీయించి ర్యామ్, డిస్క్‌ల మీది సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోనులో ఫొటో తీసుకోండి, ఆ నంబర్లు రసీదు మీద రాయించుకోండి. మార్చిన పాత భాగాలు వెనక్కి ఇవ్వాలని కూడా అందులోనే రాయించండి. రాయడానికి ఇష్టపడని చోట కంప్యూటర్ పెట్టి రావద్దు. ఇప్పటికే మీది ఎక్కడైనా రిపేరులో ఉంటే, ఇంటికి తెచ్చుకునే ముందు అక్కడే ఆన్ చేయించి, మెమరీ ఎంత చూపిస్తోందో చూశాకే డబ్బు ఇవ్వండి.