వార్త కింద ఏం పెట్టాలి: బయటి విడ్జెటా, మన సొంత లింకులా?

నల్గొండలో చిన్న న్యూస్ సైట్ నడిపేవాళ్లకు వార్త చివర రెండు దారులున్నాయి. ఒకటి టబూలా, అవుట్‌బ్రెయిన్ (ఇప్పుడు టీడ్స్) లాంటి కంపెనీల విడ్జెట్, అంటే వార్త కింద ప్రకటనల లింకులు చూపించే పెట్టె. వాళ్లు మన సైట్‌ను ఒప్పుకున్నాక కోడ్ అతికిస్తే చాలు, పాఠకులు ప్రకటన నొక్కినప్పుడు వచ్చే డబ్బులో సైట్‌కు వాటా ఇస్తారు. రెండోది, మన పాత కథనాలనే ట్యాగులతో, అంటే ప్రతి కథనానికి తగిలించే ఊరు, విషయం పేర్లతో, ముడిపెట్టుకోవడం.

డబ్బు వరకు విడ్జెట్టే మేలు, కాదనను. జీతాలివ్వాలి కదా. కానీ మర్రిగూడ ఫ్లోరైడ్ బాధితుల కథ కింద పొట్ట తగ్గించే చిట్కా ప్రకటన కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కొంత భాగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. అలాంటి వార్త చదివేవాళ్లకు ఆ సొరంగం ఎందుకు తవ్వుతున్నారు, శ్రీశైలం నీళ్లు నల్గొండకు ఎలా రావాలి అన్న పాత కథనాలు కావాలి. పాఠకులు ఏవి నొక్కారో చూసి లింకులు ఎంచే, క్లిక్కుల మీదే నడిచే పద్ధతికి కొత్త వార్త గురించి మొదట్లో ఏమీ తెలియదు, ఎందుకంటే దాన్ని ఇంకా ఎవరూ నొక్కలేదు. ట్యాగ్ మాత్రం వార్త పెట్టిన నిమిషం నుంచే పనిచేస్తుంది.

అయితే ట్యాగులకు ఓపిక కావాలి. ఒకరు నల్గొండ అని, ఇంకొకరు నల్లగొండ అని రాస్తారు. మహబూబ్‌నగర్ వార్తకు పాలమూరు అని పెడతారు. సిస్టమ్‌కు అవి వేర్వేరు ఊళ్లు. ముందే పేర్ల పట్టిక ఒకటి రాసి గోడకు అంటించుకోవాలి.

నేనైతే వార్త కింద వెంటనే సొంత లింకులు నాలుగు పెడతాను. విడ్జెట్ తప్పనిసరైతే వాటి కింద, ప్రకటన అని స్పష్టంగా రాసి పెడతాను. చావు వార్తల కింద మాత్రం అసలే పెట్టను.