వీహెచ్ఎస్ క్యాసెట్టా, మినీ డీవీనా?

1976లో జపాన్ కంపెనీ జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్‌లో అరంగుళం టేపు మీద బొమ్మ అనలాగ్ సిగ్నల్‌గా, అంటే ఎడతెగని అలలా నమోదవుతుంది. 1995లో వచ్చిన మినీ డీవీ అనే చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్‌లో టేపు వెడల్పు అందులో సగమే. దాని మీద ఉండేవి మాత్రం 0, 1 అంకెలు, సెకనుకు 25 మెగాబిట్ల వీడియో.

అసలు తేడా కాపీ తీసినప్పుడు తెలుస్తుంది. పెళ్లి క్యాసెట్‌కి కాపీ, దానికి మళ్లీ కాపీ తీస్తే పెళ్లికూతురి చీర ఎరుపు పక్కవాళ్ల మీదికి పాకేది! డీవీని ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అంకెలు అంకెలుగానే వస్తాయి, నాణ్యత తగ్గదు.

టేపు పాడైతే మాత్రం వీహెచ్ఎస్సే నయం. గీతలు పడినా మనిషి కనిపిస్తాడు. డీవీలో తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉన్నా, హద్దు దాటితే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, మాట తెగిపోతుంది. అందుకే ఇంట్లో రెండు రకాల పాత టేపులూ ఉంటే, నేనైతే ముందు డీవీ టేపులే కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటాను.