మహారాష్ట్ర రాజురాల పెట్టిన పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) ట్రైనింగ్, 4 స్టార్లు

మా దిక్కు టీచర్లకు, హాస్టల్ వార్డెన్లకు కలిపి ఒక సంస్థోళ్లు వచ్చి ఒకరోజు క్లాస్ పెట్టిన్రు, పిల్లల మీద ఏదన్న జరిగిందని డౌటొస్తే ఏం జెయ్యాలె అని. సంతకాలు పెట్టించుకొని పంపిస్తరనుకున్న గానీ చెప్పిన మేడం గట్టి మనిషి. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 కింద అనుమానమున్నా పోలీసులకు చెప్పాల్సిందే, రుజువులు తెచ్చుడు మన పని కాదు, మంచి ఉద్దేశంతో చెప్పినోళ్ల మీద కేసు కాదు, చెప్పకుంటే మాత్రం 6 నెలల దాకా జైలు, సంస్థ హెడ్ తన కిందోళ్ల సంగతి దాస్తే ఏడాది దాకా. ప్రిన్సిపాల్‌కు చెప్పిన గదా అని చేతులు దులుపుకుంటే కుదరదట, ఇది మా టీచర్లల్ల చాలామందికి తెల్వనే తెల్వదు.

హాస్టల్ ఆడపిల్లల మీద లైంగిక దాడి జరిగిన మన రాజురా కేసే తీసి చెప్పింది, హాలంత సప్పుడు లేదు. ట్రీట్మెంట్ చేసిన డాక్టర్ తెలిసీ పోలీసులకు చెప్పలేదని పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే 2022 నవంబర్ల సుప్రీంకోర్టు మళ్ల నిలబెట్టింది, తెలిసి చెప్పకపోవుడు సీరియస్ నేరమే అని.

ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే, అంతా మరాఠీలనే, ఇచ్చిన కాగితాలు గూడ. మా పిల్లలు సగంమంది ఇంట్ల తెలుగే, భయమైతే తెలుగులనే ఏడుస్తరు. పిల్లను గుచ్చి గుచ్చి అడగొద్దన్నరు, సరే, మరి ఎట్ల మాట్లాడాలె అన్నది పది నిమిషాల్ల ముగించిన్రు, భోజనానికి మాత్రం గంటన్నర! పిలిచేటోళ్లు తెలుగొచ్చిన మనిషిని ముందే అడిగి పెట్టించుకోన్రి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ స్టాఫ్‌రూంల పెద్దగ రాసిపెట్టుకోన్రి.