దోమల చక్రంతో మొదలైన రాజమండ్రి యాత్ర

కోటిపల్లి బస్టాండు దగ్గర రోజుకి 1,100 రూపాయలకి దిగిన లాడ్జిలో మొదటి రాత్రి కంటిమీద కునుకు లేదు. కిటికీ కిందే మురుగుకాలవ, జాలీకి అరచేయంత చిల్లు. కిందికెళ్ళి చెబితే కుర్రాడు ఓ దోమల చక్రం చేతిలో పెట్టి "పది రూపాయలండి" అన్నాడు. నేనొచ్చిందే గోదావరి జిల్లాల వైద్యచరిత్ర చూద్దామని. బోదకాలు మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ పెరిగేది ఇలాంటి మురుగులోనే. రాజమండ్రిలో ఫైలేరియా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది ఊరికే కాదు. మర్నాడే దోమతెర ఉన్న గది చూసుకుని మారిపోయాను. 400 ఎక్కువైనా గిట్టుబాటే.

వైద్యచరిత్ర అని బోర్డు కట్టిన చోటు నాకెక్కడా కనపడలేదు. ఎక్కువ దొరికింది దామెర్ల రామారావు చిత్రశాలలో. గోదావరి గట్టు, ఆడవాళ్ళ ముడులు, చీర మడతలు చూస్తూ చూస్తూ తారీఖుల దగ్గర ఆగిపోయాను. 1897లో పుట్టి 1925 ఫిబ్రవరిలో పోయాడు, 28 నిండకుండానే. మశూచి. ఆ జబ్బుకి ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ టీకా వేసింది 1796లో! మా నాయనమ్మ ఆ జబ్బు పేరెత్తేది కాదు, "అమ్మవారు పోసింది" అనేది, అదీ గొంతు తగ్గించి. ఇక్కడికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

చింతలూరుకి ఆలమూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ధన్వంతరి గుడి, ఆయుర్వేద మందుల తయారీ ఒకే ఊళ్ళో ఉండటం అక్కడి విశేషం. నేను మిట్టమధ్యాహ్నం వెళ్ళి గుడి తలుపులు చూసొచ్చాను, తప్పు నాదే. పొద్దున్నే వెళ్ళండి. కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల గేటు చూసి, కాజాలు కొనుక్కుని తిరుగు బస్సెక్కాను. వైద్యచరిత్ర కోసమైతే ఆ ప్రయాణం మానుకోవచ్చు.

భీమవరం మాత్రం పాసింజరు రైల్లోనే వెళ్ళాలి. మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన ఊరని బయల్దేరాను గానీ, ఊరికంటే రైలే నయం అనిపించింది. ఎదురుగా ఓ పెద్దాయన. ఎడమకాలు మోకాలి కింద స్తంభంలా ఉంది. చెప్పు పట్టీ పట్టక కోసేసి, గుడ్డపీలిక కట్టుకున్నాడు.

"రాత్రిళ్ళొచ్చి లేపి మరీ రక్తం తీసుకునేవారండీ. పగలు తీస్తే పురుగు దొరకదంట. ఆయ్."

నిజమే, బోదకాలు తెప్పించే ఆ పురుగు పిల్లలు నెత్తుట్లోకి తేలేది రాత్రుళ్ళే. వాటిని చంపే డీఈసీ మందు 1947లో అమెరికాలో సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాల నుంచే బయటికొచ్చింది. వాచిన కాలుని అది మామూలుగా చెయ్యలేదు గానీ, ఇంకొకళ్ళకి పాకకుండా ఆపుతుంది. ఏటా ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళకి మూడేసి మాత్రలిచ్చింది అందుకే.

"ఆ మాత్రలా? మా ఆవిడ కొంగున కట్టుకుని, ఆళ్ళటెళ్ళాక పెరట్లో పారేసేదండీ. కళ్ళు తిరుగుతాయని భయం."

కనిపెట్టింది భీమవరంలో పుట్టినాయనే అన్నాను. కాసేపు నా మొహంలోకి చూశాడు.

"ఏ ఈధండీ?"

నాకు తెలీదు. అత్తిలిలో ముందు కర్ర దించి, ఆ తర్వాత కాలు దించాడు.