నెల్లూరులో స్కేట్‌బోర్డు: లాడ్జి మేడ కంటే మిల్లు కళ్ళం మేలు

నెల్లూరులో పిల్లల చేత స్కేట్‌బోర్డు ఆడించదలచినవారు, ఫోనులో ‘మా మేడ మీద బోలెడంత జాగా ఉంది, ఎంతసేపైనా ఆడుకోండి’ అని చెప్పే లాడ్జి మాటను మాత్రం నమ్మవద్దు. సంక్రాంతి సెలవుల్లో మేము ముగ్గురం ఒంగోలు నుండి రైలెక్కింది ఆ మాట విని. నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిది మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటాడు కనుక మాకు లాడ్జి తప్పలేదు.

గది అద్దె రోజుకు 1,400 రూపాయలు. మా అమ్మాయి చంకలోని బోర్డును చూడగానే గుమాస్తా, ‘టైల్సు పాడవుతాయండీ’ అంటూ మరో 500 డిపాజిట్టుగా పుచ్చుకున్నాడు. మేడ ఎక్కి చూస్తే అక్కడ ఉన్నవి నీళ్ళ ట్యాంకులు, వాటి మధ్య తీగల మీద ఆరవేసిన దుప్పట్లు, నడిస్తేనే కాలికి తగిలేటంతగా పైకి లేచిన పెంకులు. మర్నాడు గది ఖాళీ చేస్తుండగా వరండాలో ఒక నల్లటి గీతను చూపించి, డిపాజిట్టు తిరిగి ఇవ్వనన్నాడు. బోర్డుకు చక్రాలు జంటలుగా ఉంటాయి, గీత చూస్తే ఒక్కటే. మా అమ్మాయి నేల మీద కూర్చొని బోర్డును గీత పక్కన ఆనించి మరీ చూపించింది. ఆయన నవ్వి 200 చేతిలో పెట్టాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. ‘ఆ 300 పెడితే అందరం చేపల పులుసుతో భోంచేసేవాళ్ళం’ అని మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ఇక చోట్ల సంగతి. మా అమ్మాయి బోర్డు చక్రాల వ్యాసం 52 మిల్లీమీటర్లు, గట్టిదనం 99ఏ (ఈ అంకె ఎంత పెద్దదైతే చక్రం అంత గట్టి). ఇంత గట్టి చిన్న చక్రాలు నున్నటి సిమెంటు మీద హాయిగా జారుతాయి గాని, కంకర తేలిన తారురోడ్డు మీద అరికాళ్ళు తిమ్మిరెక్కేలా అదురుతాయి. చిన్న గులకరాయి అడ్డం పడినా బోర్డు ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు. 78ఏ వంటి మెత్తటి చక్రాలు వేసుకుంటే తారురోడ్డు మీద సుఖంగా పోవచ్చు. ట్రంకు రోడ్డులో ఆ జనం మధ్య బోర్డు దించే ప్రసక్తే లేదు. మినీ బైపాసు మీద తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుందని మా బావమరిది ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు, లారీల దారిలో ఆటలేమిటి! స్వర్ణాల చెరువు దగ్గరకు వెళ్ళాం గాని, ఆ చెరువు ఒడ్డునే ఉన్న బారాషహీద్ దర్గాకు మొక్కులతో వచ్చేవారి నడుమ చక్రాల చప్పుడు చేయడం మా అమ్మాయికే నచ్చక బోర్డును చంకలోనే ఉంచుకుంది. ఊళ్ళోని ఒక పార్కులో కాపలాదారు ‘చిన్నపిల్లల బొమ్మబండ్లు లోపలికి తేకూడదు’ అని కసిరాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో జపాను అమ్మాయి మోమిజి నిషియా 13 ఏళ్ళకే స్వర్ణం గెలిచింది ఈ ‘బొమ్మబండి’ మీదనే. ఆ మాట మా అమ్మాయి ఆయనకు ఎంతో మర్యాదగానే చెప్పింది, కాని గేటు తెరుచుకోలేదు.

అసలైన చోటు మైపాడు దారిలో దొరికింది. సముద్రమైనా చూద్దామని మా ఆవిడ పట్టుబట్టగా, రానుపోను 700కు ఆటో మాట్లాడుకొని వెళుతుంటే, ఒక పాత ఉప్పుడు బియ్యం మిల్లు ప్రహరీ సందులోంచి విశాలమైన సిమెంటు కళ్ళం కనిపించింది. ‘నాన్నా, ఆపించు!’ అన్న కేకకు ఆటో డ్రైవరే ఉలిక్కిపడ్డాడు. ఉడకబెట్టిన వడ్లను ఎండబోసేందుకు, పారతో లాగితే గింజ ఎక్కడా పట్టుకోకుండా నున్నగా పూత పూసిన నేల అది. వాన నీరు నిలవకుండా మధ్య నుండి అంచులకు సన్నటి వాలు పెట్టారు. ఆ వాలు మీద బోర్డు కాలితో తోయకుండానే వేగం అందుకుంటుంది. డ్రయర్లు వచ్చాక ఇటువంటి కళ్ళాలకు పని తగ్గింది. పైగా జనవరిలో ఈ ప్రాంతంలో వరి ఇంకా చేలోనే ఉంటుంది. కాపలా ఉన్న పెద్దాయన యజమానికి ఫోను చేసి అడిగి, ‘ఆడుకోమ్మా, వడ్లు వచ్చేదాకా ఇది ఖాళీనే గదా’ అన్నాడు. మూలల్లో పేరుకున్న ఊకను ఈనెల చీపురుతో ఆయనే ఊడ్చి పెట్టాడు. నేను 100 రూపాయలు ఇవ్వబోతే టీకి చాలునని 20 మాత్రమే తీసుకున్నాడు. పొద్దువాలే దాకా అక్కడే ఉన్నాం. మా ఆవిడ గట్టు మీద కూర్చొని, కూతురు పడినప్పుడల్లా నా మీద కేకలు వేస్తూనే, తన ఫోనులో వీడియోలు తీసింది. సముద్రం ఆ రోజు చూడలేదు, ఆటో అతనికి ఆగినందుకు మరో 150 ఇవ్వవలసి వచ్చింది.

మర్నాడు మైపాడు బీచికి వెళ్ళాం, బాగుంది. బోర్డును మాత్రం గదిలోనే వదిలేసి వెళ్ళండి. ఇసుక, ఉప్పుగాలి బేరింగులను తినేస్తాయి.

కోతలు మొదలైతే కళ్ళాల మీదకు వడ్లు వస్తాయి కనుక సంక్రాంతి సెలవులే అదను. మిల్లువారిని అడగకుండా లోపలికి పోవద్దు, హెల్మెట్, మోకాళ్ళ ప్యాడ్లు లేకుండా ఆ వాలు మీద ఎక్కవద్దు. లాడ్జిలో డిపాజిట్టు కట్టవలసి వస్తే రసీదు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి, గదిలో దిగకముందే వరండాలోని గీతలన్నింటినీ ఫోటో తీసి పెట్టుకోండి.