స్ప్రీట్స్‌హోగ్టేనా, గామ్స్‌బర్గా? సాలిటైర్‌కు దిగే ఘాట్లలో ఏది మేలు?

నమీబియాలో విండ్‌హుక్ నుంచి నమీబ్ ఎడారి అంచున ఉన్న సాలిటైర్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా తేల్చుకోలేనిది ఈ రెండు ఘాట్ల మధ్యే. మనకున్నట్టే అక్కడా బండి ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపే. కొత్తగా అలవాటు కావాల్సింది కంకర.

డీ1275 రోడ్డు మీదున్న స్ప్రీట్స్‌హోగ్టే దేశంలోనే అతి నిటారైన ఘాట్. కొన్నిచోట్ల 4.5 మీటర్లు ముందుకు వెళ్లేసరికి ఒక మీటరు దిగిపోతాం. పేరు వింటేనే భయపడతారు గానీ, బాగా నిటారుగా ఉన్నచోట్ల ఇటుకలు పరిచి ఉంటాయి కాబట్టి టైరుకు పట్టు దొరుకుతుంది. ఇక్కడ దెబ్బతినేది బ్రేకులు. కింది దాకా పెడల్ తొక్కిపట్టి దిగితే ప్యాడ్లు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడిపోతుంది. పైనే మొదటి గేరు వేసి ఇంజన్‌తోనే బండిని ఆపుకుంటూ దిగాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో కింది గేరుకు కట్టేయాలి. బ్రేకు కొద్దిసేపే తొక్కి, పూర్తిగా వదలాలి. ట్రైలర్లకు, కారవాన్లకు, లారీలకు ఇక్కడ అనుమతి లేదు.

సీ26 మీది గామ్స్‌బర్గ్ వాలులో నెమ్మది, పొడవులో ఎక్కువ. చూడ్డానికి సులువనిపిస్తుంది, అందుకే దీనికే ఎక్కువ జాగ్రత్త కావాలి. గంటల తరబడి కంకర మీద నడిపేసరికి వేగం తెలియకుండా పెరుగుతుంది. రోడ్డుకు అడ్డంగా అలల్లా లేచిన గతుకుల మీద వెనక చక్రాలు గాల్లోనే ఎక్కువసేపు ఉంటాయి. ఆ సమయంలో మలుపొచ్చి సడన్ బ్రేకు వేస్తే బండి అడ్డం తిరుగుతుంది. జారుతున్న బండిని స్టీరింగ్ బలంగా తిప్పి సరిచేయబోతే బోల్తా పడేది అప్పుడే. సాఫీగా ఉన్నచోట కూడా 80 దాటొద్దు, మలుపుల్లో 30-40 చాలు.

ఏ దారైనా తారు రోడ్డు అయిపోగానే, వీలైతే టైర్లు చల్లగా ఉన్నప్పుడే, గాలి కొంచెం తగ్గించుకోవాలి. 35 పీఎస్ఐ ఉంటే 27-28కి తేవచ్చు. నిండా లోడున్న బండికి అంతకన్నా తగ్గిస్తే టైరు పక్కగోడ వేడెక్కి, పదునైన రాయికి ఇట్టే చీలుతుంది. మళ్లీ తారు ఎక్కేముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసర్, రెండు స్టెప్నీలు, మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లు ఉండాలి. చాలా అద్దె ఒప్పందాల్లో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం బీమాలోకి రావు. స్ప్రీట్స్‌హోగ్టే వద్దని రాసిన ఒప్పందాలూ ఉండొచ్చు, సంతకానికి ముందే చదవండి.

బండి వెనక ట్రైలర్ లేకుండా, పొడి రోజున ఉదయం దిగేవాళ్లకు మా ఓటు స్ప్రీట్స్‌హోగ్టేకే. దిగేది పడమరకు కాబట్టి పొద్దున వెలుతురు వీపు వెనక నుంచి పడి, కింద ఎడారి మైదానమంతా తేటగా కనిపిస్తుంది. అదే దారి సాయంత్రమైతే ఎండ నేరుగా కళ్లలో పడి మలుపు అంచే కనబడదు, అప్పుడు వద్దు. పైన వ్యూపాయింట్ దగ్గర బండి పక్కకు తీసి ఆగండి, వాలులో ఆపొద్దు.

ట్రైలర్ ఉన్నా, సముద్రతీర పట్టణం వాల్విస్ బే వైపు పోవాలనుకున్నా గామ్స్‌బర్గ్ పట్టుకోండి. సీ14 కలిసేచోట ఎడమకు సాలిటైర్, కుడికి వాల్విస్ బే. వాలు భయమున్నా విండ్‌హుక్‌కు దక్షిణాన ఉన్న రెహోబోత్ ఊరి మీదుగానే రావాలనుకుంటే డీ1261 మీద రెమ్‌హోగ్టే ఉంది, వాలు తక్కువ, దృశ్యమూ తక్కువే. జనవరి నుంచి మార్చి దాకా వానలకు వాగులు రోడ్డు మీదుగా పారతాయి. లోతు తెలియని నీళ్లలోకి దిగకుండా తగ్గేదాకా ఆగండి. చీకటి పడకముందే సాలిటైర్ చేరాలి, రాత్రి కుడూలు, ఓరిక్స్‌లు అనే జింకల్లాంటి పెద్ద జంతువులు రోడ్డెక్కుతాయి. పెట్రోలు అక్కడ నింపుకున్నాకే సోసుస్‌వ్లై ఇసుకదిబ్బలకు ప్రవేశద్వారమైన సెస్రియెమ్ వైపు కదలండి.