కొత్త మార్కెట్లా, సొంత ముడిసరుకా: హైదరాబాద్ మందులకు ఏది మేలు?

2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అప్పుడు మందులను మినహాయించారు కాబట్టి జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం లాంటి మన మందుల పారిశ్రామికవాడలు గండం గట్టెక్కాయి. అయితే మనం ఎగుమతి చేసే మందుల్లో దాదాపు మూడో వంతు కొనేది ఆ ఒక్క దేశమే. ఒక సంతకంతో దక్కిన మినహాయింపు ఇంకో సంతకంతో పోవచ్చు. అందుకే రెండు దారులు వినిపిస్తున్నాయి: ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఐరోపాల్లో అమ్మకాలు పెంచుకోవడం ఒకటి, చైనా నుంచి తెచ్చుకునే ముడిసరుకును ఇక్కడే చేసుకోవడం రెండోది.

మొదటి దారికి కొత్త ప్లాంటు అక్కర్లేదు. కానీ ఏ దేశానికి ఆ దేశం రిజిస్ట్రేషన్ అడుగుతుంది, తనిఖీలు చేస్తుంది. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. రెండు మూడు రియాక్టర్లతో (రసాయనాలు కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్రలతో) నడిచే చిన్న యూనిట్ ఆ ఖర్చు మోయలేదు. పైగా కొనేవాళ్లు మారినా, ముడిసరుకు కోసం చైనా ముఖం చూడటం తప్పదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మన బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం, దిగుమతుల్లో సుమారు మూడింట రెండొంతులు చైనావే. ఇంటింటా ఉండే పారాసిటమాల్‌నే చూడండి. దాన్ని చేయాలంటే పారా అమైనోఫినాల్ అనే రసాయనం కావాలి. చైనా నుంచి ఆ డ్రమ్ములు రాకపోతే రియాక్టర్ ఖాళీగా ఉండాల్సిందే. 2020 మార్చిలో, కరోనాతో చైనా సరఫరా తడబడినప్పుడు, మన ప్రభుత్వమే 26 రకాల బల్క్ డ్రగ్స్, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. అందులో పారాసిటమాల్ ఉంది. మార్కెట్లు ఎన్ని ఉన్నా, ఆ రోజు పంపడానికి వీల్లేకపోయింది.

కాబట్టి నా ఓటు రెండో దారికే. ఈ ఊరికి అది కొత్త విద్య కాదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో, అదే మందును వేరే పద్ధతిలో చేసుకునే వీలు వాళ్లకు కలిసొచ్చింది.

అలాగని అన్నీ ఇక్కడే చేయాలని పట్టుబట్టకూడదు. యాంటీబయాటిక్స్‌కు మూలమైన పెన్సిలిన్-జి లాంటి ఫెర్మెంటేషన్ సరుకుకు (సూక్ష్మజీవులను పులియబెట్టి చేసేదానికి) రాత్రింబవళ్లు చవక కరెంటు కావాలి. చైనా ధర ముందు నిలవలేక మన దేశంలోని ఆ ప్లాంట్లు ఒకప్పుడు మూతపడ్డాయి. కేంద్రం 2020లో 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చాక, 2024లో అరబిందో కంపెనీ కాకినాడ దగ్గర ఆ తయారీని మళ్లీ మొదలుపెట్టింది. అది అక్కడ సాగనివ్వాలి. హైదరాబాద్ బలం రసాయన సంశ్లేషణ, అంటే రసాయనాలు కలిపి మందు చేయడం, దాని మీదే పట్టు పెంచుకోవాలి.

ఒక్క షరతు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కాలుష్యం పాలైన నక్కవాగు పక్క రైతులకు మళ్లీ ఆ గతి పట్టించే స్వావలంబన నాకొద్దు. వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు ముందు, రియాక్టర్ తర్వాత. ఆ ఖర్చు కలిస్తే మన సరుకు ధర చైనా ధరను మించుతుంది, అందులో దాపరికం లేదు. అందుకే సర్కారు దవాఖానాల మందుల టెండర్లలో, ఇక్కడి ముడిసరుకు వాడినవాళ్లకు కొంచెం ఎక్కువ ధర, రెండు మూడేళ్ల కొనుగోలు హామీ రాసివ్వాలి.